అలివేలమ్మ కడుపులో తూము

నిన్న మధ్యాహ్నం తిన్న దోసకాయ పప్పు అలివేలమ్మకు ఇవాళ పొద్దున మళ్లీ కనపడింది. ముక్క ముక్కగానే ఉంది. తాలింపులో వేసిన ఆవాలు కూడా చెక్కు చెదరలేదు. దొడ్లో గోడ పట్టుకుని వంగిన ఆమె నుదుటిని పక్కింటి హజ్రా బీ ఒక చేత్తో ఆనించి పట్టుకుని, రెండో చేత్తో వీపు నిమురుతోంది.

"కక్కెయ్ అక్కా, అయిపోయిందిలే. ఇంకా ఏమన్నా ఉందా?"

"మొన్నటి పచ్చిపులుసు ఉందేమో కనుక్కో. అదీ వచ్చేట్టుంది."

హజ్రా బీ నవ్వలేదు. చెంబుతో నీళ్లిచ్చి పుక్కిలించమని, తన కొంగుతోనే ఆమె మూతి తుడిచింది. తర్వాత బకెట్టు తెచ్చి ఆ చోటంతా కడిగింది. సొంత అక్కచెల్లెళ్లు కూడా ముక్కు మూసుకునే పని అది. ఆమె మాత్రం ఇంటి ముందు కళ్లాపి చల్లినంత మామూలుగా చేసింది.

గురజాలకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో అలివేలమ్మ అంటే నోరున్న మనిషని పేరు. నోరే కాదు, నడుం బిగించే తెగువ కూడా ఉంది. ఆమె భర్త వెంకట్రామయ్య నెమ్మదస్తుడు, ఎదుటివాడు గట్టిగా తుమ్మితే తానే పక్కకు జరిగే రకం. వాళ్ల పొలం సాగర్ కాలువకు చిట్టచివర. ఒక ఏడాది ఎగువ రైతులు నీళ్లన్నీ తమవైపే మళ్లించుకుంటే, మిరప తోటలు నిలువునా వాడిపోయాయి. మగవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, అలివేలమ్మ సద్ది మూట కట్టుకుని పోయి తూము మీద కూర్చుంది. "నా నీళ్లు నాకు వదిల్న తర్వాతే లేస్తా. ఎవడొచ్చి లేపుతాడో రమ్మనండి," అంది. ఎవరూ రాలేదు. నీళ్లు వచ్చాయి.

హజ్రా బీ భర్త జాన్ సాహెబ్ వీధి మొగలో రేకుల షెడ్డులో మోటార్లకు వైండింగు చేస్తాడు. పంట మీద బోరు మోటారు కాలిపోతే, టిఫిను కూడా తినకుండా వచ్చి విప్పుకుపోయే మనిషి. అలివేలమ్మ కోటప్పకొండ తిరునాళ్లకు పోతే గేదె పాలు పితికేది హజ్రా బీ. హజ్రా బీ రోజా ఉన్న నెలంతా, సాయంత్రానికి కమ్మటి పెరుగు పంపేది అలివేలమ్మ. రెండిళ్ల దొడ్ల మధ్య ఒక తలుపుంది. దానికి గడియ పెట్టిన రోజు వాళ్లకు గుర్తు లేదు.

ఈ రంజాన్ పండక్కి హజ్రా బీ పాలల్లో సేమ్యా చేసి గిన్నె నిండా ఇచ్చింది. అలివేలమ్మ ఇష్టంగా తిన్నది. అంతకు ముందు నుంచే కడుపు సరిగా లేదు. నాలుగు ముద్దలు తినగానే నిండిపోయినట్టుండేది, సాయంత్రానికి రాయి పెట్టినట్టు బరువెక్కేది. ఆమె ఎవరికీ చెప్పలేదు. వాంతులు మొదలైంది మాత్రం ఆ పండగ తర్వాతే. కక్కితే గాని హాయి ఉండేది కాదు. ఎండలు ముదిరేసరికి జాకెట్లు వదులై, గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి.

ఒకరోజు అరుగు మీద వెల్లకిలా పడుకుని ఉండగా మరిది ధనుంజయరావు వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయాడు. వదిన పొట్ట మీద, చీర పలచగా ఉన్నచోట, ఎడమ డొక్క కింద నుంచి ఒక ఉబ్బు లేచి మెల్లగా కుడివైపుకు పాకి ఆగిపోయింది. మళ్లీ ఎడమవైపు ఇంకొకటి లేచింది.

"వదినా! అదేంది, కడుపులో పాకతా ఉంది?"

"ఏమో నాయనా. నీకు ఓటెయ్యమని లోపల మీటింగు పెట్టుకున్నాయేమో."

ధనుంజయరావుకు హాస్యం తలకెక్కలేదు. ఆయన రాజకీయాల మనిషి అయినా చెడ్డవాడు కాదు. తల్లి పోయాక తనకు అన్నం కలిపి పెట్టింది ఈ వదినే. ఆయన మొహం పాలిపోయింది.

"మా నాయనకీ ఇట్నే పాకింది. నిన్నటి కూడు ఇయ్యాల కక్కేవోడు. ఇది మందు వదినా. నీకెవరో మందు పెట్టారు."

మందు పెట్టడమంటే ఆ వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. గిట్టనివాళ్లు తినే వస్తువులో వెంట్రుకో, పసరో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో అతుక్కుని మనిషిని తినేస్తుందని నమ్మకం. దాన్ని తీసేవాళ్లు వేరే ఉంటారు. ధనుంజయరావు తండ్రి పోయినప్పుడు, ఆ మందు పెట్టింది ఆయన తోడబుట్టిన చెల్లెలేనని తేల్చారు. ఆ మేనత్త గడప ఆ ఇంటివాళ్లు మళ్లీ తొక్కలేదు. ఆమె పోయినా చూడ్డానికి వెళ్లలేదు.

"పండక్కి వాళ్లింట్లో ఏమి తిన్నావ్?" అన్నాడు ధనుంజయరావు గొంతు తగ్గించి, పక్కింటి గోడ వైపు చూస్తూ.

"సేమ్యా తిన్నా. నువ్వు నీ నోరు కడుక్కుని మాట్టాడు."

"ఒక్కసారి దాచేపల్లి అవతల మందు తీసే పసరాయన దగ్గరికి పోదాం. నీ కాళ్లు పట్టుకుంటా."

వెంకట్రామయ్య కూడా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అలివేలమ్మ చివరకు సరేనంది. "వస్తా. కాని హజ్రా నా పక్కన కూర్చోవాల. ఆడేం చెప్పినా దాని మొహం మీదే చెప్పాల," అంది.

మర్నాడు నలుగురూ ఆటోలో వెళ్లారు. పసరాయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు, చుట్టూ జనం. ధనుంజయరావు ముందుగా పోయి ఆయన చెవిలో ఏదో చెప్పుకున్నాడు. ఆయన ఒక గిన్నెలోంచి పచ్చటి ఆకుపసరు తీసి అలివేలమ్మ అరచేతిలో పోశాడు. కదపకుండా పట్టుకోమన్నాడు, మీద గుడ్డ కప్పి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి గుడ్డ తీశాడు. పసరు పెరుగులా గడ్డ కట్టింది.

"మందుంది," అన్నాడు పసరాయన. "పండగపూట, పాలల్లో, తీపిలో. పక్కింటి ఆడమనిషి చెయ్యి."

జనం తలలన్నీ హజ్రా బీ వైపు తిరిగాయి. ఆమె పైట తల మీదికి లాక్కుని నేల చూసింది. ఆమె చెవులు ఎర్రబడడం అలివేలమ్మ చూసింది. అప్పుడు కాలింది అలివేలమ్మకు.

ఆమె చేతిలో గడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఇది దూసరి తీగ గదయ్యా! మా పొలం కంచె నిండా ఉంది. చిన్నప్పుడు దీన్ని పిండి పెరుగు పెరుగని ఆడుకునేవోళ్లం," అంటూ గిన్నె లాక్కుని, "చెయ్యి పట్టు," అంది మరిదితో.

"నాకెందుకు వదినా?"

"పట్టు!"

ధనుంజయరావు చెయ్యి పట్టాడు. ఆమె పోసింది. అందరూ చూస్తూ ఉండగానే అదీ గడ్డ కట్టింది.

"ఏం మరిదీ, నీక్కూడా హజ్రానే పెట్టిందా? దాని గడప నువ్వెప్పుడూ తొక్కలేదే!"

"మగమనిషికి గాల్లో కూడా పెడతారు," అన్నాడు పసరాయన. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"అయితే తమరి చెయ్యి కూడా పట్టండి."

"నాది గురువు తాకిన చెయ్యి. పరీక్షలు పెట్టగూడదు. నువ్వు ఈ పసరు తాగు, కక్కిస్తా. మందు ముద్ద బయటపడిద్ది."

"కక్కటానికి నాకు నీ సాయం దేనికయ్యా? రోజూ నేనే కక్కుకుంటన్నా," అంది అలివేలమ్మ. లేచి హజ్రా బీ రెక్క పట్టుకుని ఆటో ఎక్కింది.

గెలిచాననే అనుకుంది. కాని నలుగురి నోట్లో పడిన మాట ఆటో కంటే ముందు ఊరు చేరింది. చేతిలో పసరు అందరికీ గడ్డ కడుతుందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. తెల్లారేసరికి జాన్ సాహెబ్ షెడ్డుకు రావలసిన మోటార్లు సత్తెనపల్లి పోయాయి. హజ్రా బీ కుట్టిన గౌను ఒకావిడ పిల్లకు తొడగకుండా తెచ్చి వాళ్ల వాకిట్లో పెట్టి వెళ్లింది. రెండిళ్ల మధ్య తలుపుకు అవతలివైపు నుంచి గడియ పడింది.

నాలుగో నాడు అలివేలమ్మ వీధి గుమ్మంలోంచి, పట్టపగలు, అందరూ చూస్తుండగా హజ్రా బీ ఇంటికి పోయి మెట్టు మీద కూర్చుంది.

"ఏమే, అన్నం పెట్టు. ఇక్కడే తింటా. ఎవడేమంటాడో చూద్దాం."

"పెట్టను," అంది హజ్రా బీ లోపలినుంచి.

"పెట్టవా?"

"పెట్టను అక్కా. నా చేతి మెతుకు తిని నువ్వు కక్కావంటే ఇంక మా షెడ్డు ఈ ఊళ్లో ఉండదు. ఆయన మూడు రోజుల్నించి ఒట్టి షెడ్డులో కూర్చుని స్క్రూలు తుడుచుకుంటన్నాడు. నువ్వు మంచిదానివే. నీ కడుపు మంచిది కాదు. అది నీ మాట ఇనదు."

అలివేలమ్మ మెట్టు మీంచి లేచింది. హజ్రా బీ చెప్పింది నిజం. ఎంత ధైర్యంగా తిన్నా, తన కడుపే ఊరి పక్షం మాట్లాడుతోంది. ఇంటికి వచ్చి దేవుడి పటం ముందు నిలబడింది. "కోటయ్య తండ్రీ, నేను పోతే పోతా. హజ్రాకు నేను చెడ్డపేరు తెచ్చి పోకూడదు," అంది. తర్వాత మంచినీళ్లు కూడా ముట్టకుండా మరిదికి కబురు పంపింది. "నరసరావుపేట పోతన్నా. నువ్వు రావాల. నా కడుపులో ఏముందో నీ కళ్లతో చూడాల."

నరసరావుపేట ఆస్పత్రిలో డాక్టరమ్మ పేరు స్వాతి, సత్తెనపల్లి పిల్ల. తలలో నెరసిన వెంట్రుక ఒక్కటి లేదు. అలివేలమ్మ పొట్టను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కుదిపి చెవి దగ్గరగా పెట్టింది. నీళ్ల కుండను కదిపినట్టు లోపల గలగలమన్న చప్పుడు వెంకట్రామయ్యకు కూడా వినపడింది.

"పొద్దుట్నుంచి ఏమన్నా తాగారా అమ్మా?"

"చుక్క తాగలా."

"మరి ఈ నీళ్లు నిన్నటివి. వాంతి చేదుగా, పచ్చగా వస్తుందా?"

"లేదమ్మా. తిన్నది తిన్నట్టే వచ్చిద్ది, పుల్లగా."

డాక్టరమ్మ తలూపి, తెల్ల కాగితం మీద బొమ్మ గీసింది. పైన వెడల్పుగా, కిందికి వచ్చేసరికి సన్నబడి కుడిపక్కకు వంగిన తిత్తి. "ఇది జీర్ణాశయం. పైభాగం గాదెలాంటిది, తిన్నది నిలవ చేసుకుంటుంది. అసలు పని ఈ కిందిభాగానిది. ఇక్కడ గోడలు దళసరి కండ. రోట్లో రుబ్బినట్టు అన్నాన్ని ముందుకు తోసి, వెనక్కి లాగి, మెత్తగా చేస్తుంది. ఇదిగో, ఈ చివర కండతో చేసిన ఉంగరం ఉంది. దీన్ని పైలోరస్ అంటాం. మెత్తబడినదాన్ని ఇంతింతే చిన్నపేగులోకి వదిలి మూసుకుంటుంది. ఒక్కసారిగా వదిలితే పేగు తట్టుకోలేదు. అవతలి చేదు పైత్యపు పసరు వెనక్కి రాకుండా కూడా ఇదే అడ్డం. మీకు చేదు రావడం లేదంటే, ఈ దారే మూసుకుపోయి ఉండాలి."

అలివేలమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "అయితే ఇది తూము," అంది.

"తూమా?"

"కాలవకు ఉంటది చూడమ్మా. లస్కరు చక్రం తిప్పి, చేలు ఎంత తాగుతాయో అంతే వదుల్తాడు. పూడిపోతే ఎనక నీళ్లు ఎగదన్ని గట్టు మీంచి పొర్లుతాయి."

"అంతేనమ్మా. మీకు గట్టు మీంచి పొర్లుతోంది."

ధనుంజయరావు గొంతు సవరించుకున్నాడు. "మరి కడుపులో పాకతందే, అదేంది?"

"జీర్ణాశయమే అండీ. దారి మూసుకుందని దానికి తెలియదు కదా. ఎడమనుంచి కుడికి తోస్తూనే ఉంటుంది. మనిషి బక్కచిక్కితే ఆ తోపుడు బయటికి కనపడుతుంది."

"మందు కాదా?"

"మందే," అంది డాక్టరమ్మ. ధనుంజయరావు ముందుకు వంగాడు. "మోకాళ్ల నొప్పులకు ఏమన్నా బిళ్లలు వేసుకుంటారా అమ్మా?"

అలివేలమ్మ తల దించుకుంది. కల్లంలో గొంతుకు కూర్చుని తాలు కాయలు ఏరీ ఏరీ మోకాళ్లు పోయాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలు, పరగడుపున కాఫీతో, ఏళ్ల తరబడి మింగుతూనే ఉంది. వాటివల్ల తూము దగ్గర పుండు పడి, మానిన చోట ముడత పడి, మళ్లీ పుండు పడి దారి బిగుసుకుపోయి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఒక రకం క్రిమి వల్ల కూడా కావచ్చు, చూడాలంది. కారం తిన్నందుకా అని వెంకట్రామయ్య అడిగితే, కారం మంట పుట్టిస్తుందే గాని ఈ పని దానిది కాదంది.

ముక్కులోంచి గొట్టం వేసి లోపల నిలవున్నదంతా కడిగారు. తర్వాత నోట్లోంచి కెమెరా పంపారు. అలివేలమ్మ పట్టుబట్టింది కాబట్టి ధనుంజయరావును తెర ముందు నిలబెట్టారు. ఆయన గులాబీ రంగు గోడలు చూశాడు, చివర తెల్లటి మచ్చ చూశాడు, దాని నడుమ చీపురుపుల్ల దూరేంత కన్నం చూశాడు. అతుక్కున్న ముద్ద ఎక్కడా లేదు. వెంట్రుక లేదు. ఆయన బయటికి వచ్చి గోడకు ఆనుకుని, "మా నాయనకు కూడా ఇదేనా డాక్టరుగారూ?" అని అడిగాడు.

"చూడకుండా చెప్పలేనండీ. అయి ఉండొచ్చు."

ఆయన వరండాలో బెంచీ మీద కూర్చుని, తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మేనత్త మాట ఆయన నోటితో అనలేదు.

కెమెరా పంపినప్పుడు పుండు దగ్గర తీసిన చిన్న ముక్క పరీక్షకు పోయి, చెడ్డ జబ్బు కాదని వచ్చింది. అప్పుడు అదే దారిన చిన్న బుడగ పంపి, ఆ ఇరుకులో ఉబ్బించి, తూమును వెడల్పు చేశారు. ఒక్కసారికి సరిపోకపోవచ్చని, మళ్లీ బిగిస్తే మళ్లీ చెయ్యాలని, అప్పటికీ కాకపోతే ఆపరేషనని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. నొప్పి బిళ్లల పేరెత్తొద్దంది. మర్నాడు పొద్దున, ఇక పలచటి జావ తాగవచ్చని చెప్పి వెళ్లింది.

ధనుంజయరావు పరుగున పోయి క్యాంటీను నుంచి గ్లాసులో జావ తెచ్చాడు. అలివేలమ్మ పెదాలు బిగించింది.

"తాగు వదినా."

"హజ్రా వచ్చి పోస్తే తాగుతా."

"ఫోన్ చేసి పిలుస్తాలే. ముందు ఇది తాగు."

"ఫోన్ గాదు. నువ్వు పోవాల. మంచి ఎండలో, అరుగుల మీద అందరూ ఉండంగా, దాని గడప ముందు నిలబడి పిలవాల. ఆ మాట పుట్టింది నీ నోట్లోనే. చచ్చేది గూడా అక్కడే చావాల."

"నేనెట్టా పోను? నా మొహం..."

"నీ మొహానికేంది? ఓట్లకు పోలా ప్రతి గడపకీ?"

సంగతి తెలిసి డాక్టరమ్మ వచ్చి కోప్పడింది. ఒంట్లో రక్తం లేదు, మొండితనం మంచిది కాదంది. అలివేలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. "నీ పని నువ్వు చేశావు తల్లీ, చల్లగా ఉండు. తూము తెరిచావు. నీళ్లు ఎవరు వదలాల్నో నన్ను చూసుకోనీ." డాక్టరమ్మ నవ్వాపుకుని సెలైను వేగం చూసి, సాయంత్రం దాకానే ఒప్పుకుంటానంది.

ధనుంజయరావు గురజాల బస్సెక్కాడు.

వెంకట్రామయ్య మంచం పక్కన కూర్చుని, ఎన్నడూ లేనిది, భార్యను ఎదిరించాడు. "వాడు తీసుకురాకపోతే?"

"రాకపోతే తాగను."

"చచ్చిపోతావే."

"అప్పుడు కూడా నింద హజ్రా మీదికి రాదులే. నా జబ్బేందో ఆస్పత్రి కాగితాల మీద ఉంది గదా."

ఎండ వాలుతుండగా వరండాలో హజ్రా బీ గొంతు వినపడింది. దారి చూపబోయిన ఆస్పత్రి ఆయమ్మతో, "నంబరొద్దమ్మా, మా అక్క అరుపులు వినపడే గది ఏదో చెప్పు చాలు," అంటోంది. చేతిలో ఫ్లాస్కు. వెనక ధనుంజయరావు, చొక్కా చెమటతో తడిసి ఉంది.

"మీ మరిది మా గడప ముందు నిలబడ్డాడు అక్కా. ఏమని పిలిచాడో అడుగు."

"ఏమన్నాడు?"

"'అమ్మా, నేను తప్పు మాట అన్నాను, మా వదిన నీ చేత్తోనే తాగుతానంటంది,' అన్నాడు. నేను లోపలే ఉండి, ఇనపళ్లేదన్నా. మళ్లీ అన్నాడు, గట్టిగా. మా వీధి చివర జమీలా వాళ్ల గేటు కాణ్ణించి మీ వాళ్ల రచ్చబండ దాకా ఇన్నారు."

"ఇంకోసారి అనిపించకపోయావా?"

"అనిపిద్దామనే అనుకున్నా. బస్సు పోయిద్దని వచ్చా."

హజ్రా బీ ఫ్లాస్కు మూత తిప్పింది. రెండు గ్లాసులు తీసి, రెంటిలోనూ రాగిజావ పోసింది. మొదటిది అలివేలమ్మకు ఇవ్వలేదు. ధనుంజయరావు ముందుకు చాపింది.

"నువ్వు తాగు ముందు."

ఆయన ఒకసారి అన్న వైపు చూశాడు. గ్లాసు అందుకుని, ఆపకుండా, అడుగు దాకా తాగాడు. మీసానికి అంటిన జావ తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

అప్పుడు హజ్రా బీ మంచం మీద కూర్చుని, అలివేలమ్మ మెడ కింద చెయ్యి వేసి లేపి, చెంచాతో పోసింది. ఒక చెంచా. ఆగింది. ఇంకొక చెంచా. గది అంతా ఆ గొంతు వైపే చూస్తోంది. వాంతి కోసం ఆయమ్మ పళ్లెం సిద్ధంగా పట్టుకుంది. హజ్రా బీ తన అరచేతిని అలివేలమ్మ పొట్ట మీద పరిచి ఉంచింది. ఆమె పెదాలు మెల్లగా కదులుతున్నాయి. ఏం చదువుకుంటోందో ఎవరూ అడగలేదు. వెంకట్రామయ్య కూడా కోటప్పకొండ వైపున్న కిటికీకి తిరిగి చేతులు జోడించాడు. ఎవరి భాషలో వాళ్లు అడిగినా వినేవాడు ఒక్కడే కదా.

కిటికీలో వెలుగు తగ్గింది. కింద బస్సుల హారన్లు. పొట్ట మీద ఏ ఉబ్బూ లేవలేదు. ఆయమ్మ పళ్లెం పట్టుకుని పట్టుకుని విసుగేసి, పక్కమంచం దగ్గరికి పోయింది.

"ఏమన్నా తిప్పుతందా అక్కా?" అంది హజ్రా బీ.

అలివేలమ్మ కళ్లు మూసుకుని లోపలికి చూసుకుంది.

"ఆకలేస్తంది," అంది.

హజ్రా బీ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తేలకుండా భుజాలు అదిరాయి. మరిది తాగిన గ్లాసు, వదిన తాగిన గ్లాసు బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ధనుంజయరావు లేచి, రెండూ చేతిలోకి తీసుకుని, కడగడానికి కుళాయి వైపు వెళ్లాడు.